కారు అలారం, రిమోట్: ఎల్లారెడ్డి–కామారెడ్డి ప్రాంతంలో వాడకం, మరమ్మతు

తాళం వేసి నిలిపిన కారును ఎవరైనా తెరవబోయినా, కదిపినా, అద్దం పగలగొట్టినా సైరన్ మోగించి, ఇండికేటర్లు వెలిగించి చుట్టుపక్కలవాళ్లను పిలిచే విద్యుత్ ఏర్పాటు కారు అలారం. దాన్ని దూరం నుంచి పనిచేయించేది రిమోట్. దొంగను ఆపే శక్తి అలారానికి లేదు. ఇంజన్ స్టార్ట్ కాకుండా అడ్డుకునే ఇమ్మొబిలైజర్ వేరే పరికరం. మోత విని ఎవరో ఒకరు బయటికి వచ్చి చూడడంలోనే అలారం బలమంతా ఉంది. అందుకే కారణం లేకుండా మోగే అలారం చెడిపోయిన అలారంతో సమానం. నాలుగు రాత్రులు ఊరికే మోగిందంటే ఐదో రాత్రి నిజంగా దొంగ వచ్చినా వాడకట్టులో ఎవరూ లేవరు.

కామారెడ్డి జిల్లాలో ఎల్లారెడ్డి పట్టణం హైదరాబాద్ నుంచి మెదక్ మీదుగా రుద్రూర్ వెళ్లే 765డి జాతీయ రహదారి మీద, కామారెడ్డి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. నడివేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, నిజాంసాగర్ ఆయకట్టు వరి పొలాల నుంచి ఇళ్లలోకి చేరే ఎలుకలు, కోతుల గుంపులు, గల్ఫ్ దేశాలకు వెళ్లినవాళ్ల వాకిళ్లలో నెలల తరబడి కదలకుండా ఉండే కార్లు: ఈ ప్రాంతంలో అలారం లోపాలను వెతికేటప్పుడు ముందు చూడాల్సినవి ఇవి.

భాగాలు, పనితీరు

అలారానికి కేంద్రం డ్యాష్‌బోర్డు కింద, ఎక్కువగా స్టీరింగ్ పక్కన అమర్చే కంట్రోల్ పెట్టె. తలుపులకు, డిక్కీకి, బానెట్‌కు ఉన్న చిన్న స్విచ్‌ల నుంచి, షాక్ సెన్సర్ నుంచి దానికి సమాచారం అందుతుంది. తలుపు తెరిస్తే లోపలి లైటును వెలిగించే స్విచ్చే చాలా కార్లలో అలారానికీ కబురు చేరవేస్తుంది. షాక్ సెన్సర్ బాడీకి తగిలిన దెబ్బను, అదురును పసిగడుతుంది. కొన్ని ఖరీదైన కార్లలో మనిషి చెవికి వినపడని శబ్దతరంగాలను లోపల వ్యాపింపజేసి కదలికను పట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్, కారును ఒకవైపు ఎత్తితే గుర్తించే టిల్ట్ సెన్సర్ కూడా ఉంటాయి. సైరన్‌ను బానెట్ కింద పెడతారు. డ్యాష్‌బోర్డు మీద మిణుకుమిణుకుమనే ఎర్ర లైటు అలారం పనిలో ఉందని తెలియజేస్తుంది.

భారతదేశంలో చాలాకాలం అలారం కారుతో వచ్చేది కాదు. మారుతి 800, ఆల్టో తరహా కార్లకు యాక్సెసరీస్ షాపులో సెంటర్ లాక్‌తో కలిపి బిగించేవారు. ఆటోకాప్, నిప్పన్ వంటి పేర్లు అలా ఇంటింటా తెలిశాయి. ఇప్పుడు చాలా మోడళ్లలో అలారం, ఇమ్మొబిలైజర్ ఫ్యాక్టరీలోనే బిగించి వస్తున్నాయి. ఈ రెండు రకాల తేడా మరమ్మతులో ముఖ్యం. ఫ్యాక్టరీ అలారం కారు కంప్యూటర్‌లో భాగం కాబట్టి దాని లోపాన్ని షోరూంలో స్కానర్‌తో చదవవచ్చు. బయట బిగించిన అలారంలో మాత్రం ప్రతి అతుకూ బిగించినవాడి చేతి పనితనమే. వైర్లను కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేసిన చోట ఎండకు టేపు జిగురు కరిగి అతుకు వదులవుతుంది. కొత్త కారులో వైర్లు కోస్తే విద్యుత్ భాగాలకు కంపెనీ వారంటీ దక్కకపోయే ప్రమాదం ఉంది. అందుచేత కోత అవసరం లేకుండా కారు సాకెట్‌కే తగిలించే రకాన్ని ఎంచుకోవడం మంచిది.

రిమోట్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది. భారత్‌లో, ఐరోపాలో 433.92 మెగాహెర్ట్జ్, అమెరికా, జపాన్‌లలో 315 మెగాహెర్ట్జ్ తరంగం ఎక్కువగా వాడుకలో ఉంది. టీవీ రిమోట్‌ను సెల్‌ఫోన్ కెమెరా ముందు నొక్కి వెలుగు కనిపిస్తుందా అని చూసే పరీక్ష దీనికి పనికిరాదు, ఎందుకంటే ఇందులో పరారుణ కాంతి లేదు. అమెరికా నుంచి తెచ్చిన రిమోట్ ఆకారంలో అచ్చం ఒకేలా ఉన్నా ఇక్కడి కారు దాన్ని గుర్తించకపోవడానికి చాలాసార్లు తరంగం తేడాయే కారణం.

పాత రిమోట్లు ప్రతిసారీ ఒకే కోడ్ పంపేవి. దాన్ని పక్కనుంచి రికార్డు చేసి మళ్లీ ప్రసారం చేస్తే తలుపు తెరుచుకునేది. దీనికి విరుగుడుగా నొక్కినప్పుడల్లా మారే రోలింగ్ కోడ్ వచ్చింది. వాటిలో పేరుపొందిన కీలాక్ పద్ధతిని 1980ల మధ్యలో దక్షిణాఫ్రికాకు చెందిన నానోటెక్ సంస్థ రూపొందించింది. 1995లో అమెరికా చిప్‌ల తయారీ సంస్థ మైక్రోచిప్ దాన్ని కొనుగోలు చేసింది. ఇందులో రిమోట్‌కూ కారుకూ చెరొక లెక్క ఉంటుంది. బటన్ నొక్కిన ప్రతిసారి రిమోట్ లెక్క ఒకటి పెరుగుతుంది. కారు తాను చివరగా విన్న లెక్క తర్వాతి 16 లోపు వస్తే ఒక్క నొక్కుకే ఒప్పుకుంటుంది. కారుకు దూరంగా, జేబులోనో పిల్లల చేతిలోనో రిమోట్ అంతకన్నా ఎక్కువసార్లు నొక్కుకుపోతే మొదటి నొక్కుకు కారు స్పందించదు. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే వరుస కుదిరిందని చూసుకుని మళ్లీ కలుస్తుంది. లెక్క దాదాపు 32 వేలు దాటి ముందుకు పోతే తప్ప రిమోట్‌ను కొత్తగా నేర్పించాల్సిన పని ఉండదు. రిమోట్ పాడైందని షాపుకు తెచ్చేవాటిలో ఈ రెండు నొక్కులతో దారికొచ్చేవి లేకపోలేదు.

రోజువారీ వాడకం

లాక్ బటన్ నొక్కగానే తలుపులు పడి, ఇండికేటర్లు ఒకసారి వెలిగి, సైరన్ ఒక్క కూత వేయడం సాధారణ పద్ధతి. అన్‌లాక్‌కు రెండుసార్లు. లాక్ చేసినప్పుడు కూత మామూలుగా లేకుండా వేరే వరుసలో వచ్చినా, ఇండికేటర్లు వెలగకపోయినా ఏదో తలుపో డిక్కీయో సరిగా పడలేదని కారు చెబుతోంది. ఆ సంకేతాన్ని వినకుండా వెళ్లిపోవడమే తర్వాత అర్ధరాత్రి మోతకు తొలి కారణం. అన్‌లాక్ చేసి సుమారు అర నిమిషం లోపు తలుపు తీయకపోతే చాలా కార్లు తమంతట తామే మళ్లీ లాక్ అవుతాయి. అన్‌లాక్ నొక్కి, డిక్కీ మాత్రమే తెరిచి, తాళంచెవి లోపల పెట్టి సామాను సర్దేవాళ్లు బయట చిక్కుకునేది ఇలాగే.

బయట బిగించే అలారాల్లో శబ్దం లేకుండా లాక్ చేసే సైలెంట్ పద్ధతి, పార్కింగ్‌లో కారును వెతికే బటన్, ఆపదలో సైరన్ మోగించే ప్యానిక్ బటన్ ఉంటాయి. డ్యాష్‌బోర్డు కింద దాచిపెట్టే వ్యాలెట్ స్విచ్ మరీ ముఖ్యం. రిమోట్ పనిచేయనప్పుడు అలారాన్ని పక్కన పెట్టే దారి అదే. అది ఎక్కడుందో బిగించిన రోజే అడిగి తెలుసుకోవాలి.

గుండ్రటి ఎర్ర లైటో తాళంచెవి గుర్తో స్పీడోమీటర్ దగ్గర మెరుస్తుంటే అది ఇమ్మొబిలైజర్ సంగతి. తాళంచెవి ప్లాస్టిక్ తలలో ఉండే చిన్న చిప్‌ను ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట చదువుతుంది. ఈ చిప్‌కు సెల్ అక్కర్లేదు. రిమోట్ సెల్ పూర్తిగా అయిపోయినా తాళంచెవితో ఇంజన్ స్టార్ట్ కావడానికి కారణం ఇదే. బటన్ స్టార్ట్ కార్లలో సెల్ అయిపోతే రిమోట్‌లో దాగి ఉన్న లోహపు తాళంచెవిని బయటికి లాగి తలుపు తీసి, రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి లేదా కంపెనీ సూచించిన చోట ఉంచి నొక్కాలి. ఇలా తాళంచెవితో తలుపు తీసినప్పుడు చాలా కార్లలో సైరన్ మొదలవుతుంది. కంగారు అవసరం లేదు. ఇగ్నిషన్ ఆన్ కాగానే ఆగుతుంది.

ఊరికే మోగే అలారం

ముందు చూడాల్సింది కారు బ్యాటరీ. అలారం లోపాల్లో ఎక్కువ భాగం అలారంవి కావు, బ్యాటరీవి. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ ఇంజన్ ఆపి కొన్ని గంటలు గడిచాక దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. 12 వోల్టులకు దిగితే దాదాపు ఖాళీ అయినట్టే. వోల్టేజి పడిపోయినప్పుడు కంట్రోల్ పెట్టె దాన్ని ఎవరో వైరు కోసిన సంకేతంగా పొరబడి సైరన్ మోగిస్తుంది. మోగినకొద్దీ బ్యాటరీ ఇంకా దిగుతుంది. తెల్లవారుజామున చలికి వోల్టేజి మరికాస్త తగ్గుతుంది కాబట్టి డిసెంబర్, జనవరిలో ఈ మోతలు ఆ వేళకే వస్తాయి. అయితే బ్యాటరీని నిజంగా అరగదీసేది వేసవి. వేడి పది డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఆ రంగంలో స్థిరపడిన లెక్క. ఎల్లారెడ్డి ఎండలో చెట్టు నీడ లేకుండా నిలిపిన కారు బ్యాటరీ మే నెలలో దెబ్బతిని చలికాలంలో బయటపడుతుంది.

గల్ఫ్ కుటుంబాల కార్లది ప్రత్యేకమైన కథ. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల నుంచి దుబాయ్, మస్కట్, కువైట్ వెళ్లినవాళ్లు కారును కవరు కప్పి ఇంటి ముందు వదిలి వెళ్తారు. నిలిపి ఉన్నా అలారం, గడియారం, కంప్యూటర్ కలిసి కొంత కరెంటు తాగుతూనే ఉంటాయి. 40 మిల్లీఆంపియర్ల చొప్పున లెక్కేస్తే రోజుకు ఒక ఆంపియర్-అవర్ పోతుంది. చిన్న కార్ల 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ రెండు మూడు వారాల్లోనే సెల్ఫ్ కొట్టలేని స్థితికి వస్తుంది. నెల దాటి నిలిపేటట్టయితే అలారం ఆపి, తలుపులు తాళంచెవితో వేసి, బ్యాటరీ నెగెటివ్ టర్మినల్‌ను 10 నంబరు స్పానరుతో విప్పి ఉంచడం సరైన పద్ధతి. తిరిగి తగిలించేటప్పుడు రిమోట్ చేతిలో ఉండాలి. కరెంటు రాగానే కొన్ని అలారాలు కాపలా స్థితిలోకి వచ్చి వెంటనే మోగుతాయి. ఇంట్లో ఉన్న పెద్దలతో వారానికొకసారి ఐదు నిమిషాలు ఇంజన్ ఆన్ చేయించడం చాలామంది చేసే పని. అది సెల్ఫ్ తిన్న చార్జ్‌ను కూడా సరిగా పూరించదు. అరగంట రోడ్డు మీద తిప్పగలిగితేనే ఫలితం ఉంటుంది.

బ్యాటరీ బాగున్నా మోగుతుంటే స్విచ్‌లు చూడాలి. తలుపులన్నీ వేసి లోపలి లైటు ఆరుతుందా అని గమనిస్తే చాలు, తలుపు స్విచ్ సంగతి చాలా కార్లలో తెలిసిపోతుంది. బానెట్ స్విచ్ బురద నీళ్లకు, దుమ్ముకు తుప్పు పడుతుంది. కోతల కాలంలో వరి దుమ్ము రోడ్డంతా పరుచుకునే ఈ ప్రాంతంలో అది మరీ త్వరగా బిగుసుకుపోతుంది. ఆ స్విచ్‌ను తుడిచి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కాస్త వంచి సరిచేస్తే చాలాసార్లు కొత్తది కొనే అవసరం రాదు.

తర్వాతిది షాక్ సెన్సర్. పక్క రోడ్డు మీద హార్వెస్టర్ వెళ్లినా, గణపతి నిమజ్జనం డీజే మోగినా, దీపావళి బాంబు పేలినా, ఉరుము ఉరిమినా అది కదులుతుంది. అడవి అంచు ఊళ్లలోనూ పోచారం, నిజాంసాగర్ జలాశయాలు చూడ్డానికి వచ్చినవాళ్లు బండ్లు నిలిపే చోట్లలోనూ కోతులు కారు పైకప్పు మీదికి దూకడం మామూలే. సెన్సర్ మీద ఉండే చిన్న స్క్రూను అపసవ్యంగా కొద్దికొద్దిగా తిప్పి సున్నితత్వం తగ్గించాలి. సరైన అమరిక తెలుసుకోవడానికి అద్దం పక్కన అరచేత్తో గట్టిగా తట్టి చూడాలి. వేలితో తాకితే మోగకూడదు, అరచేత్తో కొడితే మోగాలి. పూర్తిగా తగ్గించేస్తే అద్దం పగిలినా అది పలకదు. అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉన్న కార్లలో అద్దం కొద్దిగా దించి వదిలినా, లోపల అద్దానికి దండ వేలాడుతున్నా గాలికి కదిలి మోగుతుంది.

ఎలుకల వల్ల వచ్చే లోపం పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. పొలం ఎండాక, కోతలయ్యాక పందికొక్కులు, ఎలుకలు ఇంజన్ వెచ్చదనానికి బానెట్ కిందికి చేరి వైర్ల తొడుగు కొరుకుతాయి. తీగ పూర్తిగా తెగకుండా బాడీకి తగులుతూ వదులుతూ ఉంటే అలారం ఒకరోజు బాగుండి మరోరోజు మోగుతుంది. బీడీల పరిశ్రమ ఉన్న ప్రాంతం కాబట్టి పొగాకు కాడలు సులభంగా దొరుకుతాయి. వాటిని గుడ్డలో కట్టి బానెట్ కింద పెట్టడం ఇక్కడ అలవాటు. వాసన పోయాక ప్రయోజనం ఉండదు, పైగా ఎండిన ఆకు వేడి పైపుకు తగలకుండా చూసుకోవాలి. రోజూ బండి తీయడం అంతకన్నా నమ్మకమైన మార్గం.

మోత ఆగకపోతే వరుస ఇది: అన్‌లాక్ నొక్కాలి, తర్వాత తాళంచెవితో ఇగ్నిషన్ ఆన్ చేయాలి, అప్పటికీ ఆగకపోతే వ్యాలెట్ స్విచ్, చివరగా సైరన్ ప్లగ్గు లాగడం. సొంత బ్యాటరీ ఉన్న సైరన్ అయితే ప్లగ్గు లాగినా, కారు బ్యాటరీ విప్పినా ఆగదు. దాన్ని ఆపడానికి సైరన్ మీదే చిన్న తాళం ఉంటుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 116వది అలారం మోత ఒక్కసారికి 25 నుంచి 30 సెకన్లే ఉండాలని నిర్దేశిస్తుంది. నిమిషాల తరబడి ఆగకుండా మోగుతుంటే ఏదో ఒక స్విచ్ మళ్లీమళ్లీ కబురు పంపుతోందని అర్థం. భారత ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్. వంద డెసిబెల్ దాటే సైరన్ ఇంటి పక్కన చంటిపిల్లలున్న తల్లికి ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. లోపం తెలిసీ మరమ్మతు చేయించకుండా అలారం పెట్టి ఉంచడం తగని పని.

పలకని రిమోట్

రిమోట్ దగ్గరికి వస్తేనే పనిచేయడం, నొక్కినప్పుడు దాని లైటు మసకబారడం సెల్ అయిపోతోందనడానికి గుర్తులు. కంపెనీ రిమోట్లలో ఎక్కువగా సీఆర్2032, సీఆర్2025, సీఆర్2016, సీఆర్1620 రకం 3 వోల్టుల బిళ్ల సెల్‌లు, బయట బిగించే అలారాల రిమోట్లలో 23ఏ, 27ఏ అనే సన్నటి 12 వోల్టుల సెల్‌లు వాడతారు. సీఆర్2032 అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. అందుకే 2025 పెట్టాల్సిన చోట 2032 కుదరదు, బలవంతంగా దూరిస్తే పత్తీలు వంగిపోతాయి. సెల్ మార్చేటప్పుడు ప్లస్ గుర్తు ఎటువైపు ఉందో చూసుకోవాలి. తీసిన పాత సెల్‌ను పిల్లలకు అందకుండా వెంటనే పక్కన పెట్టాలి. బిళ్ల సెల్ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోయే ప్రమాదం ఉంది. అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కొత్త సెల్ వేసినా పలకకపోతే రెండో రిమోట్‌తో చూడాలి. అది పనిచేస్తే లోపం మొదటి రిమోట్‌దే: రబ్బరు బటన్ కింది నల్లటి పూత అరిగిపోవడం, కింద పడి లోపలి మైక్రో స్విచ్ టంకం ఊడడం. టంకం పని తెలిసిన సెల్‌ఫోన్ మరమ్మతు షాపులో కూడా ఇది అయిపోతుంది. రెండూ పనిచేయకపోతే కారు వైపు చూడాలి, అంటే మళ్లీ బ్యాటరీ, ఆపైన అలారం ఫ్యూజు. ఒక చోట మాత్రమే పలకక, బండి పది అడుగులు జరిపితే పలికితే అక్కడ అదే తరంగం మీద మరేదో పరికరం పనిచేస్తోంది. కారులోని నాసిరకం డ్యాష్‌క్యామ్ చార్జర్ కూడా ఈ అడ్డంకి తేగలదు. జనం రద్దీలో పార్కింగ్ చేసి లాక్ నొక్కినా తలుపులు పడకపోతే ఎవరైనా జామర్ వాడుతుండవచ్చు. అలాంటప్పుడు చేత్తో తలుపు లాగి చూసి, తాళంచెవితో వేసి వెళ్లాలి.

నీళ్లలో పడిన రిమోట్‌ను నొక్కి పరీక్షించకూడదు. సెల్ తీసి, బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నీడలో ఆరబెట్టాకే సెల్ వేయాలి. కారే మునిగితే విషయం పెద్దది. 2025 ఆగస్టు చివరి వారంలో కుండపోత వానలకు కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగి కార్లు నీళ్లలో కొట్టుకుపోయాయి. డ్యాష్‌బోర్డు కింది కంట్రోల్ పెట్టె తడవడానికి సీటు ఎత్తు నీళ్లు చాలు. అలా తడిసిన కారులో హారన్ తనంతట తాను మోగడం, అద్దాలు వాటంతటవే దిగడం షార్ట్ సర్క్యూట్ లక్షణాలు. రిమోట్, ఇగ్నిషన్ ముట్టకుండా నెగెటివ్ టర్మినల్ విప్పి, ఫొటోలు తీసి, బీమా సంస్థకు తెలియజేశాకే బండిని కదిలించాలి.

దొంగతనం, బీమా, పాత కారు కొనుగోలు

రోలింగ్ కోడ్‌కూ పరిమితులున్నాయి. 2008లో జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కీలాక్ తాళాన్ని ఛేదించి చూపారు. 2011లో జూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ఎనిమిది కంపెనీల పది బటన్ స్టార్ట్ మోడళ్లను, ఇంట్లోని రిమోట్ తరంగాన్ని కారు దాకా అందించే రిలే పద్ధతిలో తెరవగలిగారు. అలాంటి కారు ఉన్నవాళ్లు రాత్రి రిమోట్‌ను వాకిలి పక్కన మేకుకు వేలాడదీయకుండా లోపలి గదిలో మూత ఉన్న లోహపు డబ్బాలో ఉంచడం మంచిది. తలుపు దగ్గర నుంచి దూరం పెరిగినకొద్దీ, లోహం అడ్డుపడినకొద్దీ ఆ తరంగం బలహీనపడుతుంది.

పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన దొంగతన నిరోధక పరికరం బిగించి, తగిన ధ్రువపత్రం చూపితే భారత మోటార్ టారిఫ్ ప్రకారం సొంత నష్టం ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయల తగ్గింపు ఉంది. కారు పోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేసి ఎఫ్ఐఆర్ ప్రతి తీసుకోవాలి. 2024 జూలై 1 నుంచి దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ వర్తిస్తోంది. క్లెయిమ్ సమయంలో బీమా సంస్థలు రెండు తాళంచెవులూ అడుగుతాయి. ఒకటి ముందే పోయి ఉంటే అప్పుడే ఫిర్యాదు చేసి రసీదు దాచుకున్నవాళ్లకు తర్వాత వాదన తప్పుతుంది.

హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్ కారు కొని తెచ్చుకునేవాళ్లకు అందులోని పాత అలారానికి ఒకే రిమోట్ దొరకడం, పుస్తకం లేకపోవడం తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. కంట్రోల్ పెట్టె మీద రాసిన కంపెనీ పేరు, మోడల్ నంబరు చూస్తే సరిపోయే రిమోట్ తెప్పించవచ్చు. బయట బిగించే అలారానికి కొత్త రిమోట్‌ను సాధారణంగా ఇగ్నిషన్‌ను నిర్ణీత సార్లు ఆన్, ఆఫ్ చేసి, వ్యాలెట్ స్విచ్ నొక్కి నేర్పిస్తారు. క్రమం ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. ఫ్యాక్టరీ తాళంచెవి అయితే షోరూం స్కానర్ కావాలి, ఆర్సీ, గుర్తింపు కార్డు చూపాలి. ఏ రకమైనా సరే, కొన్న వెంటనే పెట్టె జ్ఞాపకంలో ఉన్న రిమోట్లన్నీ తుడిపించి చేతిలో ఉన్నవాటినే మళ్లీ నేర్పించాలి. అప్పటిదాకా పాత యజమాని దగ్గర మిగిలిన రిమోట్ ఆ కారును తెరుస్తూనే ఉంటుంది.